పిక్నిక్ బల్ల సొంతంగా చేద్దామా? చెక్క సంగతి తర్వాత, ముందు బెంచీల సంగతి తేల్చుకోండి

పిక్నిక్ బల్ల చేసుకుందామనుకునే ప్రతివాళ్ళూ మొదట అడిగేది ఏ చెక్క వాడాలి అని. నేనూ అదే అడిగాను. టేకు చెక్కా, పైన్ చెక్కా అని వారం రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. తీరా బల్ల చేశాక నన్ను ఏడిపించింది చెక్క కాదు, కాళ్ళు.

ఆ బల్ల ఇలా ఉండేది: ఆరడుగుల పొడవు, రెండు పక్కలా బెంచీలు బల్లకే కలిపి. చూడటానికి బాగానే వచ్చింది. కాళ్ళు మరీ చాపితే అడ్డంగా ఉంటాయని నేనే సొంత తెలివితో వాటిని కొంచెం నిటారుగా పెట్టాను. మొదటి సాయంత్రం ఇద్దరు ఒకవైపు కూర్చున్నారు, ఏమీ కాలేదు. మూడో మనిషి వచ్చి అదే వైపు కూర్చోగానే ఎదుటి బెంచీ మెల్లగా గాల్లోకి లేచింది, బల్ల మీదున్న గ్లాసులన్నీ వాళ్ళ ఒళ్ళోకి జారాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు, నా పరువే పోయింది.

తర్వాత టేపు పెట్టి కొలిస్తే విషయం తెలిసింది. బల్ల మధ్య గీత నుంచి కాలి చివరికి 18 అంగుళాలు, అదే గీత నుంచి బెంచీ మధ్యకి 24న్నర. అంటే కూర్చున్నవాళ్ళ బరువు కాళ్ళకి ఆరున్నర అంగుళాలు బయట పడుతోంది. బల్ల బరువు 70 కిలోలనుకోండి, అది తిరగబడకుండా పట్టుకునే బలం 70 ఇంటూ 18, 1260. 70 కిలోల మనిషి ఇద్దరైతే 140 ఇంటూ ఆరున్నర, 910, కాబట్టి బల్ల నిలబడింది. ముగ్గురైతే 1365. అంతే, లేచిపోయింది. కాలి చివర బెంచీ మధ్యభాగం కంటే బయటికి ఉండి ఉంటే ఈ లెక్కే అక్కర్లేదు, ఎంతమంది కూర్చున్నా బరువు కాళ్ళ లోపలే పడుతుంది.

అందుకే చెక్క కంటే ముందు బెంచీలు కలిపి ఉండాలా, విడిగా ఉండాలా అన్నది తేల్చుకోమంటున్నాను. మిగతావన్నీ దీన్నిబట్టి మారతాయి.

కలిపినవా, విడివా

కలిపి చేసే బల్లకి లాభాలు తక్కువేం కాదు. నాలుగే కాళ్ళు, వాటిని కలుపుతూ రెండు అడ్డ దూలాలు. బెంచీలు ఆ దూలాల మీదే కూర్చుంటాయి కాబట్టి మొత్తం ఒకే ముద్దలా బిగుసుకుంటుంది. పెద్దగా ఊగదు. పిల్లలు బెంచీ లాగి పడేయడం, ఎవరో ఎత్తుకెళ్ళి ఇంకోచోట పెట్టడం లాంటివీ ఉండవు. చెక్క కూడా తక్కువే పడుతుంది.

నష్టం ఏంటంటే కూర్చోవాలంటే కాలు ఎత్తి దాటాలి. కుర్రాళ్ళకి ఇది లెక్కలోకి రాదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి మాత్రం ప్రతిసారీ ఒక ప్రహసనం, అందులోనూ మధ్యలో కూర్చున్నవాళ్ళు లేవాలంటే పక్కవాళ్ళని కదిలించాల్సిందే. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉండి, ఆ బల్ల దగ్గర వాళ్ళు కూడా కూర్చుంటారనుకుంటే ఈ ఒక్క కారణం చాలు, విడి బెంచీలకి వెళ్ళిపోండి. చక్రాల కుర్చీ వాడేవాళ్ళు ఉంటే బల్ల పైభాగాన్ని ఒక చివర కాళ్ళ ఫ్రేము దాటి కనీసం రెండడుగులు ముందుకి వదలండి, కింద మోకాళ్ళకి 27 అంగుళాల ఎత్తు ఖాళీ ఉండాలి. కలిపి చేసిన బల్లకైనా ఇది చేయొచ్చు, కాకపోతే రెండో చివర అంత వదలకూడదు.

విడి బెంచీల సుఖం వాడితేనే తెలుస్తుంది. ఎటు కావాలంటే అటు జరుపుకోవచ్చు, ఒక బెంచీ తీసేసి కుర్చీలు వేసుకోవచ్చు, బల్ల ఒక్కటే కావాల్సినప్పుడు బెంచీలు కిందకి తోసేయొచ్చు. కానీ చేసేవాడికి పని మాత్రం ఎక్కువ. నాలుగు కాళ్ళ చోట పన్నెండు కాళ్ళు అవుతాయి, ప్రతిదానికీ అడ్డకర్రలు, మూలల్లో ఏటవాలు బద్దీలు. ఆ బద్దీలు పెట్టకుండా కానిచ్చేద్దామనుకుంటే మూడు నెలల్లో బల్ల తాగినవాడిలా ఊగుతుంది. కలిపి చేసే బల్లలో బెంచీ దూలాలే ఆ పని చేస్తాయి, ఇక్కడ మీరే చేయాలి. బెంచీ కాళ్ళ మధ్య అడ్డంగా కనీసం 11, 12 అంగుళాల ఎడం ఉండాలి, అంతకంటే సన్నగా చేస్తే అంచున కూర్చున్న మనిషితో సహా వెనక్కి పడుతుంది.

ఆరు మూలల బల్ల, గుండ్రటి బల్ల చూస్తే మనసు లాగుతుంది, ఒప్పుకుంటాను. మొదటిసారి చేసేవాళ్ళకి మాత్రం వద్దంటాను. ఆరు మూలల బల్లకి ఒక్కో వరసలో ఆరు ముక్కలు, ఒక్కో ముక్కకి రెండు కోతలు, ప్రతి కోతా 30 డిగ్రీలు. కోతకి అర డిగ్రీ తప్పినా పన్నెండు కోతలు కలిసేసరికి ఆరు డిగ్రీల ఖాళీ తేలుతుంది, చివరి ముక్క పెట్టేటప్పుడు అది నోరు తెరుచుకుని మిమ్మల్ని చూస్తుంది. చెక్క వృథా కూడా ఎక్కువే. బెంచీగా మడిచి, బల్లగా తెరిచే రకం ఇంకోటి ఉంది. జాగా తక్కువున్నవాళ్ళకి బాగుంటుంది కానీ మడతల దగ్గర వేళ్ళు నలుగుతాయి. చిన్నపిల్లలున్న ఇంట్లో నేనైతే చేయను.

ఎంత పొడవు, ఎంత ఎత్తు

మనిషికి మోచేతులు ఆడటానికి 24 అంగుళాలు కావాలి. ఆరడుగుల బల్లకి పక్కకి ముగ్గురు, మొత్తం ఆరుగురు. ఎనిమిదడుగులైతే ఎనిమిది మంది. ఎనిమిది చేసేద్దాం, ఎప్పుడైనా పనికొస్తుంది అని అందరికీ అనిపిస్తుంది. కానీ దాన్ని జరపాలంటే నలుగురు మనుషులు కావాలి, పలకలు మధ్యలో కుంగకుండా ఇంకో ఆధారం కావాలి. నా ఓటు ఆరుకే.

కొలతల్లో ప్రయోగాలొద్దు. బల్ల ఎత్తు 28 నుంచి 30 అంగుళాలు, బెంచీ ఎత్తు 17 నుంచి 18. రెండింటికీ మధ్య తేడా 12 అంగుళాలకి అటూఇటూ ఉంటే తొడలకి చెక్క తగలదు. కలిపి చేసే బల్ల మొత్తం వెడల్పు ఐదడుగులు వస్తుంది, పెట్టే చోట చుట్టూ నడవడానికి ఇంకో రెండేసి అడుగులు ఉందో లేదో ముందే చూసుకోండి.

ఇప్పుడు చెక్క

బజారులో ఆరంగుళాల పలక అని ఇచ్చేది చిత్రిక పట్టాక ఐదున్నరే ఉంటుంది, రెండంగుళాల మందం ఒకటిన్నరే ఉంటుంది. లెక్క వేసేటప్పుడు ఇదే వేసుకోండి. ఆ పలకలు పైభాగానికి ఐదు, బెంచీలకి నాలుగు, కాళ్ళు, దూలాలు, బద్దీలు అన్నీ కలిపితే ఆరడుగుల బల్లకి సుమారు 0.14 ఘనమీటర్లు, అంటే దాదాపు ఐదు ఘనపుటడుగుల కలప. కోతల్లో పోయేది కలిపి ఆరు తీసుకోండి. ఇదే బల్ల పైన్‌లో అయితే 70 కిలోల దగ్గర ఉంటుంది, టేకులో 90, సీడర్ అనే తేలిక చెక్క దొరికితే 50 చిల్లర. బల్లని ఏడాదికి రెండుసార్లు జరిపేవాళ్ళు ఈ అంకెలు చూసుకోవాలి, ఒకేచోట వదిలేసేవాళ్ళకి బరువు ఎక్కువుంటేనే మంచిది.

టేకు గురించి చెప్పేదేముంది, దాని ఒంట్లోనే నూనె ఉంది, ఎండావానా పెద్దగా లెక్కచేయదు. అయితే టేకు అన్న పేరు చూసి మోసపోకండి. చెట్టు మధ్యలోని చేవ చెక్కకే ఆ గుణం, చుట్టూ ఉండే పాలచెక్క ఏ చెట్టుదైనా పాలచెక్కే, నాలుగు వానలకి మెత్తబడుతుంది, చెదకి ఇష్టమైన భోజనం. పలక అంచున లేత పసుపు పట్టీ కనిపిస్తే అదే. సగం పాలచెక్క ఉన్న టేకు కొనడం కంటే మందు పట్టించిన పైన్ కొనడం నయం, డబ్బు కూడా మిగులుతుంది. ఇంకో మాట, టేకులో సిలికా ఉంటుంది, రంపం పళ్ళు తొందరగా మొద్దుబారతాయి.

మందు పట్టించిన పైన్ అంటే ఒత్తిడితో లోపలికి రసాయనం ఎక్కించినది. మొదటి బల్లకి నా సలహా ఇదే, కోయడం తేలిక, తప్పు చేసినా గుండె ఆగదు. కోసిన ప్రతి చివరకీ మళ్ళీ ఆ మందు బ్రష్‌తో పూయాలి, ఎందుకంటే మందు పలక నడిమధ్య దాకా దిగి ఉండకపోవచ్చు. కోసేటప్పుడు మాస్కు పెట్టుకోండి, తుక్కు కాల్చకండి. పాతకాలపు మందు చెక్క ఎవరైనా ఉచితంగా ఇస్తామన్నా తీసుకోవద్దు. ఒకప్పుడు ఆర్సెనిక్ కలిసిన మందు వాడేవాళ్ళు, అమెరికాలో ఇళ్ళ వాడకానికి దాన్ని 2003 ఆఖరుతో ఆపేశారు. పాత రైలు పట్టాల కింది దిమ్మెలు కూడా అంతే, వాటికి పట్టించిన క్రియోసోట్ అనే తారు నూనె తిండి పెట్టుకునే బల్లకి పనికిరాదు.

తుమ్మ గట్టిది, చేవ ఉంటే బయట బాగానే నిలుస్తుంది, కానీ ఆరడుగుల తిన్నటి పలకలు దొరకబుచ్చుకోవడం కష్టం, మేకు దిగదు, బెజ్జం వేయకపోతే స్క్రూ తల విరుగుతుంది. మామిడి, రబ్బరు చెక్క ఇంట్లో బల్లలకి సరే, బయట పెడితే బూజు పట్టి నల్లబడి పుచ్చిపోతాయి. ప్లైవుడ్ ఎంత నీటికి ఆగేదైనా అంచులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి, పిక్నిక్ బల్లకి దాని జోలికి వెళ్ళను.

సరుకు పెట్టెల కింద వచ్చే ప్యాలెట్ చెక్క మీద చాలామందికి కన్నుంటుంది. వాడొచ్చు, ముందు దాని మీద ముద్ర చూడండి. హెచ్‌టీ (HT) అని ఉంటే వేడితో శుద్ధి చేసింది, చెక్క లోపలి దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగిలేలా చేస్తారు. ఎంబీ (MB) అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించింది, దాన్ని అక్కడే వదిలేయండి. ముద్రే లేకపోతే దాని చరిత్ర తెలియదు కాబట్టి అదీ వద్దు. పైగా ప్యాలెట్ పలకలు సన్నగా ఉంటాయి. మందం విషయంలో చెక్క లెక్క వేరు: అంగుళం పలక కంటే ఒకటిన్నర అంగుళం పలక ఒకటిన్నర రెట్లు కాదు, మూడు రెట్ల పైనే గట్టిగా నిలుస్తుంది, ఎందుకంటే వంగకుండా నిలిచే శక్తి మందం ఘనంతో, అంటే మందాన్ని మూడుసార్లు గుణించిన లెక్కన పెరుగుతుంది. అంగుళం పలకలే ఉంటే కింద ప్రతి 16 అంగుళాలకీ ఒక అడ్డకర్ర వేయండి. చెక్కపొట్టూ ప్లాస్టిక్కూ కలిపిన కృత్రిమ పలకలకీ ఇదే మాట, అవి పుచ్చవు కానీ కుంగుతాయి, ఎండలో చెయ్యి పెడితే చురుక్కుమంటాయి.

పచ్చి చెక్కా, ఎండిన చెక్కా

దీని గురించి ఎవరూ చెప్పరు, అందుకే కాస్త సాగదీస్తాను. చెక్క పొడవులో దాదాపు కదలదు, అడ్డంలో కదులుతుంది. రెండో బల్లకి మందు పట్టించిన పైన్ తెచ్చాను, తడి ఇంకా ఆరలేదు, చేత్తో పట్టుకుంటే చల్లగా తగిలింది, పలక మామూలు కంటే బరువుగా ఉంది. అది పట్టించుకోకుండా పుస్తకంలో చెప్పినట్టు పలకల మధ్య పావంగుళం సందు వదిలి బిగించాను. కొన్ని నెలలకి ఆ సందులు అరంగుళం అయ్యాయి, పెన్సిళ్ళు, చెంచాలు అన్నీ కిందే. తప్పు సందుది కాదు, ఐదున్నర అంగుళాల పచ్చి పలక ఎండేసరికి పావంగుళం దాకా తగ్గిపోతుంది.

కాబట్టి పలక తడిగా ఉంటే ఒకదానికొకటి ఆనించి బిగించండి, ఎండాక సందు దానంతటదే వస్తుంది. ఎండిన పలకైతే పావంగుళం వదలండి, లేదంటే వానలకి ఉబ్బి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. టైముంటే ఇంకా మంచి పద్ధతి, పలకల మధ్య బద్దీలు పెట్టి నీడలో గాలి ఆడేలా పేర్చి కొన్ని వారాలు ఆరనివ్వండి. ఆ పలకల్లో వంకర తిరిగేవి అప్పుడే బయటపడతాయి, వాటిని చిన్న ముక్కలకి వాడుకోవచ్చు.

మేకు, స్క్రూ, బోల్టు

మేకులు వద్దు. ఎండకీ వానకీ చెక్క ఉబ్బి తగ్గుతుంటే అవి మెల్లగా పైకి లేస్తాయి, కూర్చున్నవాళ్ళ బట్టలు చిరుగుతాయి. పలకలకి మూడంగుళాల స్క్రూలు, కాళ్ళూ దూలాలూ కలిసే ప్రతిచోటా 10 మి.మీ. బోల్టులు రెండేసి. రెండు ఒకటిన్నర అంగుళాల చెక్కలకి 90 మి.మీ. బోల్టు, నట్టు వైపు వాషరు సరిపోతాయి. ఒక్క బోల్టు పెడితే అది ఇరుసు అవుతుంది, కాలు దాని చుట్టూ తిరుగుతుంది, అందుకే రెండు. వడ్రంగుల్లా కూసూ తొలీ (ఒక చెక్క కొనని ఇంకో చెక్కలో తొలిచిన బెజ్జంలోకి దించే అతుకు) కలిపి బిగిద్దామనే సరదా ఉంటే ఇంట్లో బల్లకి చేయండి. బయట ఆ తొలిలోకి దిగిన నీళ్ళు ఎటూ పోవు, మొదట పుచ్చేది అదే చోటు.

ఇనుము విషయంలో పీనాసితనం వద్దు. మందు చెక్కలో రాగి ఉంటుంది, మామూలు ఇనుప స్క్రూని తినేస్తుంది. ఓక్, సీడర్ లాంటి చెక్కల్లోని టానిన్ అనే వగరు పదార్థం ఇనుముతో కలిసి నల్లటి చారలు కారుస్తుంది. వేడి జింకులో ముంచినవి గానీ స్టెయిన్‌లెస్ గానీ వాడండి, సముద్రం పక్కన ఉంటే 316 రకం స్టెయిన్‌లెస్. పలక చివర్ల దగ్గర బెజ్జం వేయకుండా స్క్రూ దించితే చెక్క చీలుతుంది, ఆ శబ్దం వినగానే మనసు కూడా చీలుతుంది.

కింద నుంచి స్క్రూలు వేస్తే పైన నీళ్ళు నిలిచే గుంటలు ఉండవు, అందం కూడా. పని ఎక్కువ, వీపు నొప్పి. బల్లని బోర్లా పెట్టి చేయండి, అప్పుడు తేలిక.

నూనెనా, వార్నిషా, ఏమీ లేకుండానా

వార్నిష్ మొదటి రోజు అద్దంలా మెరుస్తుంది. ఎండ పడే బల్లకి అది పొరగా పైన ఉండి, చెక్క కదిలినప్పుడల్లా పగిలి, ఆ పగుళ్ళలోంచి నీళ్ళు లోపలికి దిగి బయటికి రాలేక చెక్కని నల్లగా మారుస్తాయి. తర్వాత మళ్ళీ వేయాలంటే పాతదంతా గీకి, ఉప్పుకాగితం పట్టాలి. బెంచీలు కలిపిన బల్లని ఉప్పుకాగితంతో రుద్దడం ఎంత విసుగో ఒక్కసారి చేస్తే తెలుస్తుంది. లోపలికి ఇంకే నూనె గానీ, బయటి వాడకం స్టెయిన్ (చెక్కలోకి ఇంకే రంగు) గానీ మెరవవు, కానీ పొర ఉండదు, ఊడదు. నూనె ఏడాదికోసారి, స్టెయిన్ రెండు మూడేళ్ళకోసారి, కడిగి ఆరబెట్టి మళ్ళీ పూస్తే చాలు. నేను వాడేది స్టెయినే. టేకు చేవ అయితే ఏమీ పూయకపోయినా ఫర్వాలేదు, వెండి బూడిద రంగుకి తిరుగుతుంది. కొందరికి ఆ రంగే ఇష్టం.

అవిసె నూనె పూసిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి, పరిచి, బయట ఆరేయండి.

ఏది పూసినా కాళ్ళ అడుగుభాగాన్ని మర్చిపోవద్దు. చెక్క చివర్లు గొట్టాల కట్టలా నీళ్ళు పీలుస్తాయి, నేల మీద ఆనేవి అవే. అక్కడ ఎపాక్సీ జిగురు గానీ స్టెయిన్ గానీ తాగినంత తాగించండి, కింద రాళ్ళో ఇటుకలో పెట్టి మట్టికి ఎడం చేయండి.

కోత పెట్టేముందు

ఒక ఫ్రేము బొమ్మని నేల మీద సుద్దముక్కతో అసలు కొలతల్లోనే గీయండి. నేలకి కాలు 60 డిగ్రీల వాలులో ఉంటే మధ్య గీత నుంచి కాలి చివరికి 26 అంగుళాలు వస్తుంది, ఐదడుగుల వెడల్పు బల్లలో బెంచీ మధ్యకంటే అది బయటే. కాలు కోసి ఆ గీత మీద పెట్టి చూసుకుని, సరిగ్గా ఉంటే దాన్నే అచ్చుగా పెట్టుకుని మిగతా మూడూ కోయండి. టేపుతో నాలుగుసార్లు కొలిస్తే నాలుగు రకాల కాళ్ళు వస్తాయి. బిగించిన రెండు మూడు నెలలకి చెక్క ఎండి బోల్టులు వదులవుతాయి, ఒకసారి స్పానర్ పట్టుకుని అన్నీ తిప్పండి.

గ్లాసులు ఒళ్ళో పోసిన ఆ మొదటి బల్ల ఇంకా ఉంది. కాళ్ళు మార్చే ఓపిక లేక ఒక్కో జత కింద అడ్డంగా 52 అంగుళాల కర్ర ఒకటి బోల్టులతో బిగించాను, దాంతో ఆధారం మధ్య గీత నుంచి 26 అంగుళాలకి జరిగింది. కూర్చోవడానికి వచ్చే ప్రతివాళ్ళ కాలి బొటనవేలికీ ఆ కర్ర తగులుతుంది, తిట్టుకుంటారు. ముగ్గురు ఒకేవైపు కూర్చుంటే మాత్రం ఇప్పుడు కదలదు.